తెలుగు విద్యార్థులకు తొలి ప్రోగ్రామింగ్ పాఠం: పైగేమ్ జీరో - పులిమేక ఆట

ఉపోద్ఘాతం:
తెలుగు మాధ్యమంలో చదివి డిగ్రీలో చేరిన విద్యార్థులు ప్రోగ్రామింగ్ తరగతిలో ఒకేసారి రెండు భాషలను ఎదుర్కొంటారు. ఒకటి యంత్రానికి ఆజ్ఞలిచ్చే కృత్రిమభాష. రెండవది దానిని వివరించే ఇంగ్లీషు. తర్కం అర్థమైనప్పటికీ భాష అడ్డుపడినచోట ‘ఈ చదువు మాకు రాదు’ అనే నిర్ణయానికి వచ్చే ప్రమాదం ఉంది. తెలుగుతోపాటు ఉర్దూ, కన్నడం వినిపించే జహీరాబాద్ వంటి సరిహద్దు పట్టణంలో ఇది ఉపేక్షించదగిన విషయం కాదు. ఆటల ద్వారా ప్రోగ్రామింగ్ నేర్పే లైబ్రరీలు ఈ భారాన్ని ఎంతవరకు తగ్గించగలవో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

లైబ్రరీల నేపథ్యం:
తరచుగా అవసరమయ్యే పనులకు ముందే రాసిపెట్టిన ఆజ్ఞల సముదాయమే లైబ్రరీ. ఆటల రూపకల్పనకు పైథాన్ భాషలో 2000లో ‘పైగేమ్’ వచ్చింది. అందులో తెరను తెరవడం, మీటల కదలికలను గమనించడం, కాలాన్ని నియంత్రించడం అన్నీ విద్యార్థే రాసుకోవాలి. డేనియల్ పోప్ 2015లో రూపొందించిన ‘పైగేమ్ జీరో’ ఆ పనులను తానే నిర్వహిస్తుంది. ‘డ్రా’, ‘అప్‌డేట్’ అనే రెండు ప్రమేయాలు రాస్తే చాలు. అప్‌డేట్‌ను సెకనుకు 60 సార్లు అదే పిలుస్తుంది.

పులిమేక - చేదర్థకం:
3 పులులు, 15 మేకలతో ఆడే పులిమేక నియమాలు మన విద్యార్థులకు సులభంగా అందుతాయి. పులి మేకను చంపాలంటే మూడు షరతులు నెరవేరాలి: పక్క బిందువులో మేక ఉండాలి, దాని ఆవలి బిందువు ఖాళీగా ఉండాలి, మూడు బిందువులూ ఒకే గీతపై ఉండాలి. తెలుగులో చేదర్థకం క్రియాంతంలో ‘తే’గా వస్తుంది, పైథాన్‌లో ‘ఇఫ్’ వాక్యారంభంలోనే వస్తుంది. ఈ క్రమభేదాన్ని ముందుగా వివరిస్తే షరతువాక్యం సులభమవుతుంది. పైగేమ్ జీరోలోని ‘ఆన్ మౌస్ డౌన్’ ప్రమేయం కూడా ‘మౌస్ నొక్కితే’ అనే చేదర్థకమే.

తెలుగు పేర్లు - పరిమితులు:
2008లో విడుదలైన పైథాన్ 3 నుండి చరరాశులకు, ప్రమేయాలకు తెలుగు లిపిలో పేర్లు పెట్టవచ్చు. ‘పులి’, ‘మేకలు’, ‘దూకు’ అన్నవి చెల్లే పేర్లే. అయితే పొల్లు హల్లు తరువాతి హల్లుతో కలవకుండా టైపు చేసే కనబడని గుర్తును పేర్లలో పైథాన్ అంగీకరించదు. తెలుగు అంకెలను నేరుగా సంఖ్యలుగా రాయడం కుదరదు. ‘డ్రా’కు బదులు ‘గీయు’ అని రాస్తే లైబ్రరీ దానిని గుర్తించదు. కనుక ‘డ్రా’ లోపలినుండి ‘గీయు’ను పిలవాలి. తెరపై తెలుగు వాక్యాలు చూపేటప్పుడు తగిన ఫాంటు, అక్షరకూర్పు సదుపాయం లేకపోతే ఒత్తులు విడిపోతాయి. వాటిని బొమ్మలుగా చేర్చడం సులభమార్గం.

ముగింపు:
లైబ్రరీ యంత్రభారాన్ని తగ్గిస్తుందే గాని భాషాభారాన్ని పూర్తిగా తొలగించదు. ఆజ్ఞాపదాలు కొన్ని ఇంగ్లీషులోనే ఉంటాయి. వాటి చుట్టూ పేర్లు, వివరణ, తర్కం తెలుగులో నిలపవచ్చు. దోషసందేశాలకు సరళమైన తెలుగు వివరణలు సిద్ధం చేయడం, వాక్యనిర్మాణ భేదాలను చెప్పడం తెలుగుశాఖ, కంప్యూటర్‌శాఖ కలిసి చేయవలసిన పని. అప్పుడు విద్యార్థి వెనుకబడినది తర్కంలోనా, భాషలోనా అన్నది అధ్యాపకునికి స్పష్టమవుతుంది.