వృద్ధుల ఆరోగ్య పరిశోధన: వయసు అడగడమే తొలి పాఠం

వృద్ధుల ఆరోగ్యంపై పీహెచ్‌డీ చేయదలచిన విద్యార్థికి గ్రామంలో ఎదురయ్యే మొదటి చిక్కు వయసు. జనన ధ్రువపత్రం లేని అవ్వ ‘అరవయ్యో, డెబ్బయ్యో’ అంటే అదే రాసుకుంటే చాలదు. కృష్ణా తీరంలోనైతే 1977 నాటి దివిసీమ ఉప్పెనకు పెళ్లయిందా, తొలి బిడ్డ పుట్టిందా అని ఆరా తీసి సంవత్సరాన్ని రాబట్టాలి. వయసు తప్పితే మతిమరుపు సహజమో, వ్యాధి లక్షణమో తేల్చడం దుర్లభం.

2011 జనగణన ప్రకారం దేశంలో 60 ఏళ్లు నిండినవారు 10 కోట్లకు పైనే. ముంబయిలోని అంతర్జాతీయ జనాభా విజ్ఞాన సంస్థ 2017-18లో చేపట్టిన సర్వేలో 45 ఏళ్లు పైబడినవారిని, వారి జీవిత భాగస్వాములను కలిపి 72 వేల మందికి పైగా పరిశీలించారు. చేతి పట్టు, నడక వేగం, జ్ఞాపకశక్తి కొలిచారు. ఆ సమాచారాన్ని పరిశోధకులు దరఖాస్తు చేసి పొందవచ్చు.

అంకెలు చేతికందినా అర్థం చేసుకోవడం వేరే విద్య. ఏనాడూ కలం పట్టని కూలీ బొమ్మ గీయలేకపోతే దానిని మతి క్షీణతగా లెక్కించరాదు.

యూజీసీ 2022 నిబంధనల మేరకు పీహెచ్‌డీకి కనీస కాలం మూడేళ్లు. కోర్సు వర్క్‌లో పరిశోధన నైతికత తప్పనిసరి. చదవలేని వారికి అంగీకారపత్రం చదివి వినిపించి, సాక్షి ఎదుట వేలిముద్ర తీసుకోవాలి.

పత్రాలు సరిపోయినా అసలు కష్టం ముంగిట్లోనే. కోడలు పక్కనుంటే అత్త ‘నాకేం లోటు లేదు’ అనే అంటుంది. ఆమెతో ఏకాంతంగా మాట్లాడే వీలు కోసం పరిశోధకుడు మరోమారు రావాల్సిందే.