మీకు తెలుసా? గండికోట ఎండలో గుడారం చల్లగా!

టెంటు సంచి కట్టుకుని గండికోటకు బయల్దేరారా? అదీ నడి వేసవిలోనా? ఆగండాగండి! జమ్మలమడుగు నుంచి 15 కిలోమీటర్లు పోతే చాలు, పెన్న చీల్చిన లోయ అంచున నిలబడతారు. ఫోటో అదిరిపోతుంది. నిద్ర మాత్రం... సరే, చెవి ఇలా పెట్టండి!

టెంటులో హీటరు ఎవరో తెలుసా? మీరే! నిద్రపోయే మనిషి ఒంట్లోంచి సుమారు 75 వాట్ల వేడి బయటికొస్తుంది. పాతకాలం పసుపు బల్బు ఒకటి రాత్రంతా వెలిగినట్టే! నలుగురు దూరి జిప్పు బిగించారో, లోపల నాలుగు బల్బులు! అందుకే ఎదురెదురుగా ఉన్న కిటికీలు రెండూ తెరవండి. ఒక్కటే తెరిస్తే గాలి వచ్చేదెట్లా? పోయేదెట్లా?

కోటగోడ పక్కన నీడలో వేసుకుంటాం అంటారా? మంచి ఆలోచనే! కానీ ఏప్రిల్ 30 అటూ ఇటూ ఆ పప్పులుడకవు! ఆ రోజుల్లో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. గోడకు నీడ ఉండదు! నిలువుగా పాతిన కర్రకూ ఉండదు! ఈ వింత మొదట పులివెందులలో కనబడుతుంది. ఆ వెంటనే ప్రొద్దుటూరు, ఆపైన జమ్మలమడుగు. పేరులోనే పొద్దు పెట్టుకున్న ఊళ్లో కాసేపు నీడే మాయం! ఆ వేళ మిమ్మల్ని కాచేది గోడ కాదు, కొమ్మలు పరిచిన చెట్టు. పులివెందుల చీనీతోటలో మధ్యాహ్నం ఒక్కసారి కూర్చుని చూడండి, మీకే తెలుస్తుంది!

ఇప్పుడు అసలు రహస్యం. మన ఎండ ఎంత మొండిదో మన తడిగుడ్డ అంత చల్లన! నమ్మరా? గాలి 42 డిగ్రీలుండి, అందులో తేమ 20 శాతమే ఉందనుకోండి. గాలి ఆడేచోట వేలాడదీసిన తడిగుడ్డ 24 డిగ్రీల దాకా దిగగలదు! ఇదే పెన్న వెంట నెల్లూరు వైపు, సముద్రం దాకా పోండి. అక్కడ ఎండ 36 డిగ్రీలే అనుకోండి. కానీ తేమ 60 శాతమనుకుంటే గుడ్డ 29 దగ్గరే ఆగిపోతుంది! ఎండ తక్కువైన చోట గుడ్డ వెచ్చన, ఎండ మండేచోట చల్లన. ఎంత తమాషా! పొడిగాలికి దాహమెక్కువ మరి. నీటిని గబగబా తాగేస్తుంది, తాగుతూ వేడినీ లాక్కుపోతుంది.

ఎంత వేడి లాక్కుపోతుంది అంటారా? ఒక్క లీటరు నీళ్లు ఆవిరైతే సుమారు 0.67 యూనిట్ల కరెంటుకు సరిపడా వేడి మాయం! మీటరు తిరగదు, బిల్లు రాదు! మట్టికుండ చేసే పని ఇదే. గాలి వచ్చే కిటికీకి తడి పంచె కట్టండి. నీళ్ల సీసాకు తడి సాక్సు తొడగండి. ఉతికిన సాక్సే సుమా!

బ్యాటరీ ఫ్యాను తెచ్చుకున్నారా? భలే! కానీ గాలి 40 డిగ్రీలు దాటితే ఫ్యాను ఒంటిని చల్లార్చదు, ఇంకా కాలుస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతోంది! రొట్టెల పొయ్యి ముందు విసనకర్ర ఊపుకున్నట్టు! పగలు ఫ్యానుకు సెలవివ్వండి. పొద్దు వాలాక, ఒళ్లు తడుపుకుని అప్పుడు తిప్పండి.

బంగారం అంగళ్లకు పేరుపడ్డ ప్రొద్దుటూరు వాళ్లకు మాత్రమే చెప్పే మాట ఒకటుంది! జేమ్స్ వెబ్ అంతరిక్ష టెలిస్కోపు అద్దాలకు పూసింది బంగారం! మొత్తం ఎంతో తెలుసా? సుమారు 48 గ్రాములు! మన బజారులో ఓ పెళ్లి హారానికి చాలకపోవచ్చు! వేడి కిరణాలను బంగారం అంత బాగా తిప్పికొడుతుంది మరి.

ఆ టెలిస్కోపు కూడా గుడారం నీడలోనే బతుకుతోంది! టెన్నిస్ కోర్టంత గొడుగు, దానికి 5 పొరలు! అల్యూమినియం పూసిన పల్చటి పొరలు. పొరకూ పొరకూ మధ్య ఖాళీ. ఆ ఖాళీలోనే కిటుకంతా! మీ టెంటు మీద మెరిసే పట్టా ఒకటి కట్టండి. టెంటుకు అతికినట్టు కాదు, మధ్యన ఓ మూరెడు ఖాళీ వదలండి. మెరుపు పైకే ఉండాలి!

తెల్లబట్టే చల్లన అనుకుంటున్నారా? ఎడారి బెడూయిన్లు వేసుకునేది నల్ల అంగీ! ఇదేం పిచ్చి అని శాస్త్రవేత్తలు ఎండలో కొలిచి చూశారు. 1980లో నేచర్ పత్రికలో ఫలితం వచ్చింది. నల్లదైనా తెల్లదైనా ఒంటికి చేరిన వేడి ఒక్కటే! వదులు అంగీ కింద గాలి కదులుతూ అదనపు వేడిని మోసుకుపోతుందట. మన గొల్లల భుజం మీద నల్ల గొంగళి చూసి నవ్వేవాళ్లు ఇకనైనా ఆగండి!

కడప గడ్డ మీద గుడారాల మొనగాడు ఎవరు? థామస్ మన్రో! 1800లో దత్తమండలాలకు ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చి, ఏడేళ్లూ ఊరూరా తిరుగుతూ ఎక్కువకాలం డేరాల్లోనే గడిపాడు! ఏసీ లేదు, ఐసు లేదు! "దొరగారు క్యాంపులో ఉన్నారు" అనే మాట ఇప్పటికీ మన ఆఫీసుల్లో వినబడుతుంది కదా, దాని వెనక నిజంగానే గుడారం ఉండేది!

లోయ అంచు బండ మీద మాత్రం పక్క వేయకండి! ఒక కిలో నీటిని ఒక డిగ్రీ వేడెక్కించే వేడితో దాదాపు 5 కిలోల రాయిని అంతే వేడెక్కించవచ్చు! అంత త్వరగా కాగుతుంది బండ. పొద్దుగూకాక ఆ వేడంతా మీ వీపుకే! నులకమంచం దొరికితే వదలకండి, కిందనుంచీ గాలి తగులుతుంది. పైగా నిద్రమత్తులో లేచి అంచు వైపు నడిస్తే... వద్దులెండి!

చివరగా, అన్నిటికంటే వింత! ఐసు ఫ్యాక్టరీలు పుట్టకముందే మనవాళ్లు ఆకాశంతో ఐసు చేయించారు! అలహాబాదులో చలికాలం రాత్రులు గడ్డి పరిచి, దాని మీద లోతులేని మట్టి మూకుళ్లలో నీళ్లు పోసి వదిలేవాళ్లు. తెల్లారేసరికి ఐసు! గాలి అంత చల్లబడకపోయినా సరే! రాబర్ట్ బార్కర్ అనే దొర ఇది చూసి నోరెళ్లబెట్టి, 1775లో లండన్ రాయల్ సొసైటీ పత్రికకు రాసి పంపాడు. మబ్బులేని రాత్రి వేడి తిన్నగా ఆకాశంలోకి పారిపోతుంది, అంతే! వేసవిలో మిద్దె మీద పడుకునే మన తాతలకు ఈ సంగతి తెలియదంటారా? వాన సూచన లేకపోతే ఈ రాత్రి మీ టెంటు పైగుడ్డ విప్పేయండి. దోమతెర మాత్రం ఉంచి, జిప్పు వేసుకోండి. బండల్లో తేళ్లుంటాయి, వాటికీ చల్లగాలంటే ఇష్టమే!