పెరటి గన్నేరు – పాడి పశువులు

పూజ పూల కోసం మన సభ్యులలో చాలామంది పెరట్లో గన్నేరు పెంచుతారు. నీళ్ళు అంతగా పోయకపోయినా బతుకుతుంది. పశువులు దానిని ముట్టవన్న ధైర్యమూ ఉన్నది. మరి పాడి ఉన్న ఇంట గన్నేరు ఉండవచ్చునా?

చెట్టు ఉండవచ్చును గాని, దాని ఆకు పశువు నోటికి అందరాదు. నిలిచి ఉన్న చెట్టుకంటె నరికిన కొమ్మలతోనే ముప్పు ఎక్కువ. పచ్చి ఆకు చేదు కనుక పశువు సాధారణంగా వదిలేస్తుంది. ఎండితే చేదు తగ్గుతుంది, విషం మాత్రం తగ్గదు. చొప్పలోనో, ఎండుగడ్డిలోనో కలిసిన ఎండుటాకును పశువు ఏరి వదలలేదు. పది ఇరవై ఆకులు చాలు, పెద్ద పశువుకు ప్రాణాపాయం.

ఇటలీలో 50 పశువులున్న ఒక మందలో ఇలాగే జరిగింది. కత్తిరించి పడేసిన గన్నేరు కొమ్మలు, ఆకులు మేతలో కలిశాయి. నాలుగు రోజులలో 13 పాడి ఆవులు చనిపోయాయి. ఆ మంద పాలలోను, వాటితో చేసిన చీజులోను ఈ విషం కనిపించినట్లు శాస్త్రజ్ఞులు 2020లో ప్రకటించారు. కనుక ఇది ఒక ఇంటి నష్టంతో పోయేది కాదు, సంఘం మొత్తానికి సంబంధించిన విషయం.

గుర్తులు: గన్నేరు విషం గుండె మీద పని చేస్తుంది. మేత తిన్న కొద్ది గంటలలో పశువు నెమరు మానుతుంది. చొంగ కారుస్తుంది, పారుకుంటుంది, వణుకుతుంది. చెవులు, కాళ్ళు చల్లబడతాయి. గుండె లయ తప్పుతుంది. ఒక్కొక్కప్పుడు ఏ గుర్తూ కనిపించకుండానే పడి చనిపోతుంది.

చేయవలసినవి: మేతను వెంటనే తీసివేయండి. పశువును నడిపించక, బెదరనీయక నీడన ఉంచండి. గొట్టంతో నాటుమందులు పోయవద్దు. పశువైద్యుని పిలిచి, గన్నేరు తిన్నదన్న అనుమానం ముందుగానే చెప్పండి. ఈనిన ఆవు కూలబడితే పాలజ్వరమని కాల్షియం ఎక్కించడం పరిపాటి. గన్నేరు విషం ఎక్కిన గుండెకు కాల్షియం మరింత చేటు. ఆ పశువు పాలను డాక్టరు సరేననే వరకు కేంద్రానికి పోయకండి, దూడకు తాగించకండి, ఇంట్లోనూ వాడకండి.

ముందు జాగ్రత్తలు: గన్నేరును గాడికి, కుడితి తొట్టికి దూరంగా నాటండి. రాలిన ఆకులు తొట్టిలో పడితే ఆ నీరు కూడ ప్రమాదమే. కొమ్మలు నరికిన రోజునే గోతిలో పూడ్చండి. గోడ అవతల పారవేస్తే పొరుగింటి గేదె తినవచ్చును. తగులబెట్టవద్దు, ఆ పొగ మనుషులకు కూడ మంచిది కాదు. పూజ చేసిన పూలను కుడితిలో వేయవద్దు. పచ్చగన్నేరు విషయంలోనూ ఇవే జాగ్రత్తలు పాటించాలి.

సంఘ కార్యదర్శులు ఈ సంగతిని పాలు పోసే వేళ సభ్యులకు చదివి వినిపించవలసిందిగా కోరుతున్నాము. పాడి పని ఎక్కువగా చూసేది ఇంటి ఆడవారు కనుక వారికి తప్పక తెలియజేయాలి. గోతికి పట్టే శ్రమ గంటసేపు. చేతికి వచ్చిన పాడిగేదెను పోగొట్టుకుంటే ఆ ఇల్లు కోలుకోవడానికి ఏళ్ళు పడుతుంది.