పాత ట్రాక్టరు ఇంజినునకు శుద్ధి మందులు: మేలెంత, కీడెంత?

తొలకరి సమీపించుటతోడనే మన రైతులు నాగళ్లను, గొర్రులను, ట్రాక్టరులను బాగు చేయించుకొనుట వాడుక. ఆ దినములలో విడిభాగముల అంగళ్లయందు చిన్న చిన్న డబ్బాలు విశేషముగా అమ్ముడుపోవుచుండును. వానిలోని ద్రావకమును ఇంజినులో పోసినచో లోపలి మడ్డి యంతయు కరగిపోయి పాత ఇంజిను క్రొత్తదగునని విక్రేతలు చెప్పుచుందురు. ఈ మందులను వాడవచ్చునా యని సంఘ సభ్యులు పలువురు మమ్ము ప్రశ్నించిరి. కావున ఈ విషయమును కొంత విపులముగా వ్రాయ దలచితిమి.

మొదట ఆ మడ్డి యెట్లు పుట్టునో తెలిసికొనవలయును. సిలిండరులో డీజిలు మండునపుడు మసియు, నీటియావిరియు, కొలదిగ ఆమ్లములును ఏర్పడును. ఇవి పిస్టను రింగుల సందులనుండి క్రిందికి దిగి ఛాంబరులోని ఆయిలుతో కలియును. ఆయిలు సైతము వేడికి కాగి కాగి చిక్కబడి, ఇనుపభాగములకు జిగురువలె అంటుకొనును. పాత ఇంజినులో రింగులు అరిగియుండుటచే ఈ కల్మషము మరింత యెక్కువగా దిగును. ట్రాక్టరును కొద్దిసేపు నడిపి ఆపివేయుచుండినను మడ్డి పెరుగును. ఏలయన, ఇంజిను పూర్తిగా వేడెక్కనిచో ఆయిలులో చేరిన నీరు ఆవిరియై పోజాలదు.

ఈ కష్టము క్రొత్తది కాదు. అమెరికాలో క్యాటర్పిల్లరు కంపెనీవారు 1931లో డీజిలు ట్రాక్టరును విక్రయమునకు తెచ్చిరి. ఆ ఇంజినులలో రింగులు మసిచే గాడులలో బిగిసిపోవుచుండెను. దానికి ప్రతిక్రియగా, మురికిని కడిగి తనలో నిలుపుకొను ద్రవ్యములు కలిపిన ఆయిలులు ఆ దశకముననే పుట్టినవి. నేడు మనము కొను మంచి డీజిలు ఇంజిను ఆయిలులన్నిటియందును ఈ ద్రవ్యములు కలిసియే యున్నవి. అనగా చాకిరేవు ఆయిలులోనే యున్నదన్నమాట. ఆయిలు మార్చిన కొద్ది గంటలకే నల్లబడుట చూచి రైతులు చింతింప బనిలేదు. అది మసిని గోడలకు అంటనీయక తనలో మోయుచున్నదనుటకు గుర్తు. ఆ బరువు మోయ శక్తి తీరకమునుపే దానిని మార్చుట మన విధి.

ఇక డబ్బాలోని మందు సంగతి. దీనియందు సాధారణముగా కిరసనాయిలువంటి పలుచని తైలములును, మురికిని విడదీయు ద్రవ్యములును ఉండును. పాత ఆయిలును తీసివేయుటకు ముందు దీనిని అందులో పోసి, ఇంజినును కొన్ని నిమిషములు ఖాళీగా నడిపి, పిదప అంతయు దింపివేయవలయునని డబ్బామీద వ్రాసియుండును. మడ్డి పలుచగానున్న ఇంజినునకు దీనివలన కొంత మేలు కలుగవచ్చును. చిరకాలముగా ఉపేక్షింపబడిన ఇంజినునకు మాత్రము మూడు ప్రమాదములు గలవు. మొదటిది, మడ్డి కరగుటకు మారుగా పెళ్లలు పెళ్లలుగా ఊడి, ఆయిలును పీల్చు గొట్టపు జల్లెడకు అడ్డుపడును. రెండవది, మందు కలిసిన ఆయిలు పలుచనై బేరింగులను కాపాడజాలదు. మూడవది, అరిగిన సీళ్లవద్ద మడ్డియే కారుటను ఆపుచుండినచో, అది తొలగినంతనే ఆయిలు కారనారంభించును.

మే మెరిగిన యొక రైతునకు ఇట్లే జరిగినది. ఆయన ట్రాక్టరు ఇరువది యేండ్లకు పైబడినది. ఒక డబ్బా చాలునని వ్రాసియుండగా రెండు డబ్బాలు పోసి, పని వేగిరపాటుచే ఆయిలు దింపకయే దుక్కికి తోలెను. మూడవనాడు ఆయిలు ఒత్తిడి చూపు దీపము వెలిగినది. దీపమే చెడినదని తలచి మరి రెండు సాళ్లు దున్నెను. ఇంజిను పట్టివేసినది. విప్పిచూడగా జల్లెడ మడ్డిచే పూడిపోయి, క్రాంకు బేరింగులు కాలియుండెను. మరమ్మతు ముగియులోపల పొలము పదును దప్పినది. పొరుగువారి ట్రాక్టరునకు కిరాయి యిచ్చి ఆలస్యముగా విత్తుకొనవలసి వచ్చెను. కొండనాలుకకు మందు వేయగా ఉన్న నాలుక ఊడినదనుట దీనినే గదా!

డీజిలు ట్యాంకులో కలుపు మందులును కలవు. ఇవి నాజిలు మొనలయందలి మసిని కొంత తగ్గింపగలవు. అరిగిన నాజిలును బాగుచేయు మందు మాత్రము లేదు. దానిని విప్పి పరీక్షాయంత్రముపై చూపించుటయే మార్గము. పాత ట్యాంకు అడుగున తుప్పు, నీరు నిలిచియుండును. వానిని దింపకమునుపు మందు పోసినచో ఆ మురికి కదలి ఫిల్టరులు పూడును. డీజిలులో కిరసనాయిలు కలుపుట యెంతమాత్రము తగదు. పంపునకు కావలసిన జిడ్డు తగ్గి అది త్వరగా అరుగును.

అట్లయిన నేమి చేయవలయును? ముందుగా ఆయిలు పోయు మూత తీసి లోపల చూడవలయును. మడ్డి దళసరిగా గట్టియున్నచో మందు జోలికి పోవలదు. మేస్త్రీచే ఛాంబరును విప్పించి, జల్లెడతో సహా చేతితో శుభ్రము చేయింపవలయును. మడ్డి పలుచగానున్నచో మంచి ఆయిలునే పోసి, పుస్తకములో 250 గంటలకని యున్నయెడల 100 గంటలకే ఆయిలును ఫిల్టరును మార్చుచు, రెండు మూడు పర్యాయము లట్లు చేయవలయును. మెల్లమెల్లగా లోపలి మురికి ఆయిలుతోనే వెడలిపోవును. ఇదియే నిరపాయమగు మార్గము.

తప్పనిసరియై మందు వాడువారు డబ్బాపై వ్రాసిన కొలతను మీరరాదు. ఇంజినును వేడిచేసి, చెప్పినన్ని నిమిషములే ఖాళీగా నడుపవలయును; దుక్కికిగాని బండికిగాని కట్టరాదు. ఒత్తిడి తగ్గినచో తక్షణమే ఆపవలయును. వేడిమీదనే ఆయిలంతయు దింపి, క్రొత్త ఫిల్టరు బిగించి, క్రొత్త ఆయిలు పోయవలయును.

మందుతో కుదరని జబ్బులును కలవు. నీలిపొగ వచ్చుచున్నచో ఆయిలు మండుచున్నదని యర్థము. రింగులో, వాల్వులో అరిగియుండును. ఆయిలు పాలవలె తెల్లబడినచో నీరు చేరినదని తెలియవలయును. ఈ రెంటికిని మేస్త్రీయే దిక్కు. ఇంజిను అరుగుదలకు ముఖ్యకారణము దుమ్ము. కనుక దుక్కిదినములలో గాలిశోధకపు గిన్నెలోని ఆయిలును ప్రతిదినము చూచుట పది డబ్బాల మందుకన్న మేలు.

సంఘములు ఈ విషయమున సభ్యులకు తోడ్పడవచ్చును. ఆయిలును పీపాలతోను, ఫిల్టరులను మొత్తముగాను కొని పంచినచో ధర తగ్గుటయే గాక నకిలీ సరుకు బెడదయు తగ్గును. ప్రతి ట్రాక్టరునకు ఒక చిన్న పుస్తకముంచి, ఆయిలు మార్చిన గంటలను వ్రాసికొను అలవాటు నేర్పవచ్చును. దింపిన ఆయిలును కాలువలోగాని బావిచెంతగాని పారబోయక డబ్బాలలో చేర్చి అప్పగించు ఏర్పాటును సంఘమే చేయుట యుక్తము.

ఎద్దునకు వేళకు కుడితి పెట్టక, అది కూలబడిన తరువాత కషాయము పోయు రైతును మనము మెచ్చము. ఇంజిను విషయమునను అంతే. వేళకు మంచి ఆయిలు, వేళకు ఫిల్టరు, దినదినమును దుమ్ముపై కన్ను: ఈ మూడును గలవానికి డబ్బా మందుతో నిమిత్తము లేదు. తొలకరికి ఇంకను వ్యవధి యున్నది. సభ్యులెల్లరు నేడే మూత తీసి లోపల చూతురు గాక!