అట్టమీది పేర్లు

గాయకుని పేరు తెలిసినంతగా అతని ప్రక్కన కూర్చుండి వాయించినవారి పేర్లు లోకమునకు తెలియవు. పాట విని తలయూచు శ్రోత, తన తల నూపినవాడెవడో విచారింపడు. అమెరికాలోని డెట్రాయిట్ నగరమున ఇట్టి విస్మృతి పదేండ్లకు పైగా సాగినది.

1959లో బెర్రీ గోర్డీ స్థాపించిన మోటౌన్ సంస్థకు ఒక సామాన్యమైన యిల్లే స్టూడియో. నల్లజాతివారి సోల్ సంగీతము ఆ యింటినుండియే దేశదేశములకు ప్రాకినది. అందు వాయించిన బృందమునకు ఫంక్ బ్రదర్స్ అని పేరు. వారిలో పలువురు జాజ్ సంగీతమున ఆరితేరినవారు. రికార్డుల అట్టలపై గాయకుల బొమ్మలు వెలసినవి గాని, వీరి పేర్లు వెలువడలేదు.

1971 మే నెలలో మార్విన్ గే ‘వాట్స్ గోయింగ్ ఆన్’ అను ఆల్బం వెలువరించినాడు. వియత్నాం యుద్ధమునుండి మరలివచ్చిన సైనికుడు తన దేశమును చూచి విస్తుపోవుటయే దాని వస్తువు. శీర్షిక గీతమునకు గోర్డీ తొలుత సుముఖుడు కాలేదు. ఆ గీతమున బేస్ గిటార్ వాయించినవాడు జేమ్స్ జేమర్సన్. ఆ రాత్రి అతడు కూర్చుండగల స్థితిలో లేక, నేలపై వెల్లకిల పరుండి వాయించినాడని చెప్పుదురు. ఇంటికి పోయి, నేడొక కళాఖండమున వాయించితినని భార్యతో అన్నాడట. తన పనిని గూర్చి అతడు ఇంట అంతగా ముచ్చటించుట అరుదు.

ఆ మాట అతిశయోక్తి కాదు. బేస్ సామాన్యముగా మూలస్వరమును పట్టుకొని పాటకు పునాదియై కదలక యుండును. జేమర్సన్ కుడిచేతి చూపుడువ్రేలు ఒక్కదానితోనే తీగను మీటుచు, ఒక మూలస్వరమునుండి మరియొకదానికి పోవుదారిలో చిన్నచిన్న స్వరములను పొదిగినాడు. తాళపుదెబ్బకు రవంత ముందో వెనుకో అడుగు వేసినాడు. గాయకుడు ఆగినచోట అది మాటలాడును. అతడు పాడునప్పుడు ఒదిగియుండును. పక్కవాద్యమెరిగిన మనవారికి ఈ మర్యాద క్రొత్తది కాదు.

అయితే జేమర్సన్‌ను మాత్రమే పొగడి తక్కినవారిని విడుచుట మరల ఆ పాతతప్పే యగును. ‘మెర్సీ మెర్సీ మీ’లో బేస్ వాయించినది బాబ్ బాబిట్. తంత్రీవాద్యముల కూర్పు డేవిడ్ వాన్ డిపిట్‌ది. పాట తొలుత వినవచ్చు శాక్సోఫోను పలుకు, ఈలై ఫౌంటెన్ వాద్యమును సరిచూచుకొనుచు ఊదినదేనట. గే దానినే చాలునన్నాడు. గే కంఠము జంటగా వినిపించుటయు యాదృచ్ఛికమే. వేర్వేరుగా పాడిన రెండు వరుసలను ఇంజనీరు పొరపాటున ఒక్కసారి వినిపింపగా, అతడు మెచ్చి అట్లే యుంచినాడు. పొరపాటు ఎవరికైనను కలుగును. దానిని గుర్తించి నిలుపుకొను చెవియే అరుదు.

మోటౌన్ ఆల్బం అట్టపై ఈ వాద్యకారుల పేర్లు అచ్చయినది దీనితోనే. ఆ మరుసటియేడు, 1972లో, సంస్థ లాస్ ఏంజెలిస్‌కు తరలిపోయినది. వాద్యకారులలో పెక్కుమంది డెట్రాయిట్‌లోనే మిగిలిపోయిరి. జేమర్సన్ వెంటవెళ్లినాడు గాని అచట నిలద్రొక్కుకొనలేదు. 1983లో మోటౌన్ ఇరువదియైదేండ్ల వేడుక జరిగినప్పుడు, అతడు టిక్కెట్టు కొనుక్కొని మేడమీది వరుసలో కూర్చున్నాడని చెప్పుదురు. ఆ ఆగస్టులోనే నలువదియేడేండ్ల ప్రాయమున మరణించినాడు.