కొత్త చిత్రికలో లోపం కనిపిస్తే

పాతిక వేలు దాటే ఇనుప చిత్రిక సరిగ్గా పనిచేయకపోతే, తప్పు పనిముట్టుదా లేక పదునుదా అన్నది ముందు తేలాలి. ఖరీదైన చిత్రికలకు కూడా చాలావరకు ఫ్యాక్టరీలో నూరిన అంచే ఉంటుంది. తుది పదును సానరాయి మీద కొన్నవారు పెట్టుకోవలసిందే. బ్లేడును ముందుకూ వెనక్కూ జరిపే మర, దిశ మార్చినప్పుడు కాస్త ఖాళీగా తిరగడం కూడా లోపం కాదు. పోతలో పగులు ఉందంటే వాదనే లేదు, తిప్పి పంపాలి. పేచీ ఎక్కువగా వచ్చేది చిత్రిక అడుగు దగ్గర.

అడుగు అంతా అద్దంలా ఉండాలని చాలామంది అనుకుంటారు. నిజానికి ముందు కొస, బ్లేడు బయటికొచ్చే నోటి చుట్టుపక్కల భాగం, వెనుక కొస ఒకే మట్టంలో ఉంటే పని సాగుతుంది. మధ్యలో ఎక్కడో కొద్దిపాటి పల్లం ఉన్నా నష్టం లేదు. నోటి ముందు అంచు పల్లమైతే మాత్రం పనిముట్టు అక్కరకు రాదు. బ్లేడు కోయబోయే చోట చెక్కను అదిమి పట్టి, నార చీలి లేచిపోకుండా చూసేది ఆ అంచే. నునుపు చేసే చిత్రిక తీసే పొర మందం 0.05 మిల్లీమీటరు, ఒక్కోసారి ఇంకా తక్కువ. నోటి దగ్గర 0.1 మిల్లీమీటరు పల్లం ఉంటే బ్లేడును ఆ మేరకు ఎక్కువ దించితే గానీ అది చెక్కకు తగలదు. అలాంటప్పుడు పల్చటి పొర ఎలా వస్తుంది? ఇక అడుగు మెలి తిరిగి ఉంటే చిత్రిక మూలల మీద ఊగుతుంది, చెక్క మట్టానికి రాదు.

కొలిచేటప్పుడు బ్లేడు ఊడదీయకూడదు. బిగించే ఉంచి, అంచు మాత్రం లోపలికి లాగాలి. ఆ బిగింపు ఒత్తిడికి అడుగు కొద్దిగా వంగుతుంది కాబట్టి, పనిలో ఉండే స్థితిలోనే కొలవాలి. ఎండలోంచి తెచ్చిన ఇనుమును గంటో రెండు గంటలో గదిలో ఉంచి చల్లారనివ్వాలి. తర్వాత నమ్మకమైన స్టీలు పట్టీని అడుగు మీద పొడవునా, మూల నుంచి మూలకూ నిలబెట్టి వెనుక నుంచి వెలుతురు పట్టాలి. వెలుగు కనిపించినచోట మెకానిక్కులు వాడే ఫీలర్ గేజ్ రేకు దూర్చి చూస్తే పల్లం ఎంతో తెలుస్తుంది. పట్టీని కొసలు మార్చి మళ్లీ పెట్టాలి. సందు పట్టీతోపాటు చోటు మారితే వంకర పట్టీదే, చిత్రికది కాదు.

బ్లేడు విషయంలో తొందరపడకపోవడం మంచిది. కొత్త బ్లేడు అంచు మొదట్లో పొడిపొడిగా రాలినా, ఒకటి రెండుసార్లు నూరాక నిలదొక్కుకోవడం ఉంది. నూరేకొద్దీ రాలుతూనే ఉంటే, లేదా మామూలు టేకు మీదే అంచు మడత పడుతుంటే, ఉక్కును కాచి గట్టిపరచడంలో పొరపాటు జరిగి ఉండవచ్చు.

ఇక్కడే చాలామంది చేజేతులా నష్టపోతారు. చేయి ఊరుకోక అడుగును ఎమరీ పేపర్ మీద రుద్దేస్తారు. అలా రుద్దాక లోపం మొదటి నుంచీ ఉందని నిరూపించడం కష్టం. ముందు కొలతలూ ఫొటోలూ తీసుకోవాలి. బిల్లు, పెట్టె, వారంటీ కాగితం దాచి, విషయం అమ్మినవారికి రాతపూర్వకంగా తెలపాలి. ‘చిత్రిక బాగాలేదు’ అనడం కంటే ‘నోటి ముందు అంచు దగ్గర 0.1 మిల్లీమీటరు రేకు దూరుతోంది’ అని రాస్తే తోసిపుచ్చడం కష్టం. ఆన్‌లైన్‌లో కొని ఉంటే 2020 ఈ-కామర్స్ నిబంధనలు వర్తిస్తాయి. లోపమున్న వస్తువును వెనక్కి తీసుకోనని అమ్మినవారు అనకూడదు. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి.

అప్పటికీ దారికి రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు, లేదా జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. వ్యాపార అవసరానికి కొన్నవారిని 2019 వినియోగదారుల రక్షణ చట్టం వినియోగదారుగా లెక్కించదు. దాంతో వడ్రంగులు తమకు ఈ చట్టం వర్తించదనుకుని వెనక్కి తగ్గుతారు, కానీ అది సరికాదు. సొంతంగా పనిచేసుకుంటూ, కేవలం బతుకుతెరువు కోసం కొని వాడుకునే పనిముట్టుకు చట్టం స్పష్టంగా మినహాయింపు ఇచ్చింది. ఫిర్యాదుదారు తాను నివసించే జిల్లాలోనే కేసు వేయవచ్చు. చెల్లించిన ధర 5 లక్షల రూపాయల లోపైతే రుసుము లేదు, గడువు రెండేళ్లు. పరీక్ష చేస్తే తప్ప లోపం తేలదనిపిస్తే కమిషన్ ఆ వస్తువుకు సీలు వేయించి ప్రయోగశాలకు పంపుతుంది. నివేదిక సాధారణంగా 45 రోజుల్లో రావాలి.