తారు పూసిన మట్టి ఇల్లు పడిపోలేదు

బొగ్గు నుంచి కోకు తయారు చేసేటప్పుడు వెలువడే నల్లని జిగురు పదార్థమే తారు. పడవ అడుగుకు పూయడానికి, దూలానికి చెద పట్టకుండా రాయడానికి తప్ప దానికి మన పల్లెల్లో వేరే గౌరవం లేదు. అటువంటి తారును మట్టి గోడకు పూసి, ఆ గోడ మీద శిల్పాలు తీర్చి, ఆ ఇంట్లో చిత్రకళా విద్యార్థులకు వసతి కల్పించిన బడి ఒకటి ఉన్నది. అది పశ్చిమ బెంగాల్ బీర్‌భూమ్ జిల్లాలోని శాంతినికేతన్ కళాభవన్. ఆ ఇంటిని అక్కడివారు ‘కాలో బాడీ’ అంటారు. నల్ల ఇల్లు అని అర్థం. 1930ల మధ్యకాలంలో కట్టిన ఆ మట్టి ఇల్లు ఈనాటికీ నిలిచే ఉన్నది.

పాత వస్తువులను మళ్లీ వాడడం, చెత్తలోంచి కళ తీయడం అనే మాటలు ఇప్పుడు ప్రతి కళాశాల గోడ మీదా కనిపిస్తున్నాయి. ప్లాస్టిక్ సీసాలతో ఒక నెమలిని చేసి, పక్కన నిలబడి ఫోటో దిగితే ఆ కార్యక్రమం ముగుస్తుంది. మరుసటి నెలలో ఆ నెమలి తిరిగి చెత్తకుప్పకే చేరుతుంది. కళాభవన్‌లో జరిగినది వేరు. అక్కడ దొరికిన వస్తువుతోనే పని చేయడం ఒక వారోత్సవం కాదు, చదువులో భాగం. అందులోని కష్టం కూడా చదువులో భాగమే.

మదనపల్లె చుట్టం

రాయలసీమకు ఆ ఊరు బొత్తిగా పరాయిది కాదు. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ టాగూరు మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలలో విడిది చేసి, ‘జనగణమన’ను అక్కడే ఇంగ్లీషులోకి అనువదించిన సంగతి పాఠకులకు తెలిసినదే. ఆ 1919లోనే శాంతినికేతన్‌లో కళాభవన్ మొదలయింది. రాయప్రోలు సుబ్బారావు గారు, బెజవాడ గోపాలరెడ్డి గారు ఆ చెట్ల కింద కూర్చుని వచ్చినవారే. అయితే మనవాళ్లు అక్కడి నుంచి తెచ్చుకున్నది ఎక్కువగా కవిత్వం. ఆ మట్టి పని సంగతి ఇక్కడ అంతగా ప్రచారం కాలేదు.

కళాభవన్ బాధ్యతలు 1922లో నందలాల్ బోస్ చేతికి వచ్చాయి. విదేశీ రంగుల డబ్బాలకు పెట్టే డబ్బు ఆ బడి దగ్గర లేదు. ఉన్నా పెట్టి ఉండేవారు కారేమో. చుట్టుపక్కల దొరికే ఎర్రమట్టి, పసుపుమట్టి, దీపపు మసి, నీలిమందు, ఆకు పసర్లు తెచ్చి నూరి, జల్లించి, జిగురు కలిపి రంగు చేసుకోవడం విద్యార్థులకు నేర్పారు. రంగు నూరిన విద్యార్థికి ఆ రంగు ఏ గోడకు పట్టుతుందో, ఏ ఎండకు వెలిసిపోతుందో కూడా తెలుస్తుంది. డబ్బా విప్పినవాడికి ధర మాత్రమే తెలుస్తుంది.

ఈ పద్ధతిని దేశమంతా చూసిన సందర్భం కాంగ్రెస్ మహాసభలు. 1936 డిసెంబరులో ఫైజ్‌పూర్‌లో జరిగిన సభ పల్లెటూళ్లో జరిగిన మొదటి కాంగ్రెస్ సభ. అలంకరణంతా పల్లెలో దొరికే సరుకుతోనే జరగాలని గాంధీజీ కోరారు. నందలాల్ వెదురుతోనే ఆ పని నడిపించారు. 1938 ఫిబ్రవరిలో హరిపుర సభకు చేతి కాగితం మీద మట్టిరంగులతో సుమారు 400 పోస్టర్లు తయారయ్యాయి. అందులో ఎనభైకి పైగా నందలాల్ స్వయంగా వేసినవే. దూదేకులవాడు, డోలు వాయించేవాడు, పొలం దున్నే రైతు అందులోని బొమ్మలు. ఆ పోస్టర్లను ఈనాడు మ్యూజియంలలో అపురూపంగా దాచుకుంటున్నారు. వేసిన నాడు అవి పందిరి తడికెలకు తగిలించిన బొమ్మలు.

డబ్బు లేదు, మొరం ఉన్నది

శాంతినికేతన్ నేల ఎర్ర మొరం నేల. వానకు కోసుకుపోయి గండ్లు పడిన ఆ బీడును అక్కడ ‘ఖోయాయి’ అంటారు. వ్యవసాయానికి అంతగా పనికిరాని ఆ మొరం రాయి ఒక శిల్పికి పనికివచ్చింది. ఆయన రామ్‌కింకర్ బైజ్. 1906లో బాంకురాలో మంగలి వృత్తి చేసే కుటుంబంలో పుట్టి, 1925లో కళాభవన్‌లో చేరి, అక్కడే చదివి, అక్కడే బోధించి, 1980లో కన్నుమూశారు. పెద్ద విగ్రహం చేయాలంటే కంచు కావాలి, లేదా పాలరాయి కావాలి. రెండూ ఆయనకు అందుబాటులో లేవు. ఇనుప చువ్వలతో గూడు కట్టి, సిమెంటులో మొరం కంకర కలిపి, ఆ ముద్దను చేత్తో గూటి మీదకు విసిరి, పదును ఉండగానే చెక్కుకుంటూ పోయారు.

1938లో అలా తయారయినదే ‘సంతాల్ కుటుంబం’. కూలి వెతుక్కుంటూ ఊరు విడిచి పోతున్న సంసారం అది. మగవాడి భుజాన కావడి. కావడికి ఒక పక్క బుట్టలో పిల్లవాడు. పక్కన ఆడమనిషి, ఆమె చంకలో మరో బిడ్డ. వెంట కుక్క. ఆ మనుషులు నడిచే నేలలోని రాయే వారి ఒళ్లయింది. భారతదేశంలో ఆరుబయట నిలిచిన తొలి ఆధునిక శిల్పం ఇదేనని కళావిమర్శకులు చాలామంది అంటారు. మన పాలమూరు, అనంతపురం వలస కూలీలను చూసినవారికి ఆ విమర్శకులు చెప్పనక్కరలేదు, కావడి చూస్తే చాలు.

రామ్‌కింకర్ గురించి మరో ముచ్చట ప్రచారంలో ఉన్నది. గడ్డి కప్పు కారుతుంటే, తాను వేసిన నూనెరంగుల బొమ్మలను తీసి కప్పు కింద అడ్డం పెట్టేవారట. నూనెరంగుకు నీరు అంటదు కదా! పునర్వినియోగానికి ఇంతకంటే ఖరీదైన ఉదాహరణ మరొకటి దొరకదు. నవ్వు వచ్చే మాటే గాని, దేశం పద్మభూషణ్ ఇచ్చిన శిల్పి ఇంటి కప్పు కారిందన్నది నవ్వవలసిన మాట కాదు.

‘శ్యామలి’ మిద్దె

నల్ల ఇంటికి తోబుట్టువు ‘శ్యామలి’. 1935 మే నెలలో తమ 74వ జన్మదినాన రవీంద్రులు ప్రవేశించిన మట్టి ఇల్లు అది. సురేంద్రనాథ్ కర్ నమూనా గీశారు. గోడల మీద బొమ్మలు నందలాల్, ఆయన విద్యార్థులు తీర్చారు. వాకిట్లోని సంతాల్ దంపతులు రామ్‌కింకర్ చేతి పని. గోడలే కాదు, కప్పు కూడా మట్టే. బెంగాల్ పల్లెల్లో ఏటా గడ్డి కప్పులు అంటుకుని ఇళ్లు బుగ్గి అయ్యేవి. మట్టి కప్పు నిలిస్తే పేదవాడికి ఆ భయం తప్పుతుందని కవి ఆలోచన. గోడల్లో మట్టి కుండలు పొదిగి పైన మట్టి మెత్తారు. కుండలో నిలిచిన గాలి ఎండ వేడిని లోపలికి త్వరగా పోనివ్వదు. 1940లో గాంధీజీ, కస్తూర్బా శాంతినికేతన్ వచ్చినప్పుడు ఈ ఇంట్లోనే బస చేశారు.

మట్టి కప్పు అనగానే సీమ పాఠకులకు సొంత మిద్దెలు గుర్తుకు వస్తాయి. దూలాలు, వాసాలు పరచి, మీద కంప, మట్టి వేసి, పైన చవుడు పోసి కట్టిన మిద్దెలో మండువేసవిలో కూడా మధ్యాహ్నం కునుకు పడుతుంది. అయితే తొలకరికి ముందు బండి చవుడు తోలించి మిద్దెకు పోయాలి. ఒక ఏడు బద్ధకిస్తే వాన రాత్రి గిన్నెలు, తపేలాలు చినుకుల కింద పరచుకోవలసిందే. మన దగ్గర వాన తక్కువ కనుక మిద్దె బతికింది. బీర్‌భూమ్‌లో మనకంటే చాలా ఎక్కువ వాన. అక్కడ మట్టి కప్పు నిలబెట్టాలనుకోవడం సాహసమే. రవీంద్రులు 1936లోనే పక్కన ‘పునశ్చ’ అనే మరో ఇల్లు కట్టించుకున్నారు. ఇళ్లు మార్చడం ఆయనకు అలవాటేననుకోండి, ‘ఉత్తరాయణ్’ ఆవరణలో ఆయన నివాసాలే ఐదు.

తారు పూత రహస్యం ఇక్కడే ఉన్నది. మట్టి గోడకు మొదటి శత్రువు వాన, రెండవది చెద. తారు రెంటినీ అడ్డుకుంటుంది. నల్ల ఇంటి గోడల మీద విద్యార్థులు తీర్చిన ఉబ్బెత్తు బొమ్మలు, ప్రాచీన శిల్పాల నమూనాలు ఆ నల్లపూత కిందనే ఏళ్లు గడిపాయి. కాని తారు ఒకసారి పూస్తే సరిపోదు. ఎండకు బీటలు వారుతుంది, బీటలోంచి నీరు దిగితే లోపలి మట్టి కరుగుతుంది. మళ్లీ మళ్లీ పూయాలి. పూత మందమైతే బొమ్మ ముక్కూ మొహమూ పూడిపోతాయి. కాపాడే చెయ్యే చెరిపే చెయ్యి అవుతుంది. బొగ్గు తారు ఒంటికి మంచిది కాదని, అందులో క్యాన్సర్ కలిగించే పదార్థాలు ఉన్నాయని ఇప్పుడు మనకు తెలుసు. ఆనాటి వారు చేసినదంతా నేడు కళ్లు మూసుకుని అనుసరించదగినది కాదు.

మొరం శిల్పాల సంగతీ అంతే. ఎండావానలకు సిమెంటు అరిగి కంకర తేలుతుంది, లోపలి చువ్వ తుప్పు పడుతుంది. ‘సంతాల్ కుటుంబం’ మీద తరువాతి కాలంలో పైకప్పు వేయవలసి వచ్చింది. ఆరుబయట బాటసారుల్లా కనిపించాలని చేసిన బొమ్మలు కప్పు కిందకు చేరాయి. కప్పు వేయకపోతే బొమ్మ దక్కదు, వేస్తే ఆ ఆకాశం దక్కదు. కప్పు వేయడమే సబబు. ఆకాశం మరొక చోట చూసుకోవచ్చు.

2023 సెప్టెంబరులో యునెస్కో శాంతినికేతన్‌ను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. గౌరవం దక్కింది, సంతోషం. అయితే చిక్కు కూడా వచ్చింది. చవకగా కట్టి, పాడయితే విద్యార్థులే బాగు చేసుకుని, అలా బాగు చేస్తూనే పని నేర్చుకోవాలన్నది ఆ ఇళ్ల పద్ధతి. వారసత్వ కట్టడం అయిన తరువాత ఎవరు పడితే వారు చెయ్యి పెట్టే వీలు లేదు. నిపుణులు రావాలి, అంచనాలు వేయాలి, అనుమతులు రావాలి. ఇల్లు నిలుస్తుంది. ఆ ఇంటికి మట్టి మెత్తడం వచ్చిన విద్యార్థి మిగులుతాడా అన్నది వేరే ప్రశ్న. మన సీమలోనూ ఇదే వరస. చవుడు పోయడం తెలిసిన మనిషి కోసం నాలుగు ఊళ్లు తిరగవలసి వస్తున్నది. మిద్దె కూలితే దాని స్థానంలో స్లాబు లేస్తున్నది, వేసవిలో దాని కింద పడుకోలేక జనం ఆరుబయటికి వస్తున్నారు.

బొంతకు బెంగాలీ పేరు

ఆడవారి పని గురించి చెప్పకపోతే ఈ కథ సగమే. పాత చీరలు, ధోవతులు నాలుగు పొరలుగా పరచి, పాత చీర అంచులోంచి లాగిన దారంతోనే కుట్టిన దుప్పటిని బెంగాల్‌లో ‘కాంథా’ అంటారు. మన బొంతే! కాకపోతే మన బొంత మంచం మీద నుంచి దిగలేదు, కాంథా శాంతినికేతన్ మీదుగా బజారుకు, అక్కడి నుంచి విదేశాలకు వెళ్లింది. పండుగలకు నేల మీద బియ్యప్పిండి నీళ్లతో వేసే ‘అల్పన’ను కూడా కళాభవన్ ఒక విద్యగా నేర్పింది. మన అమ్మలు వాకిట్లో రోజూ వేసే ముగ్గును ఏ కళాశాల అయినా అలా పాఠంగా పెట్టిందా?

చిరిగిన గుడ్డకు, మిగిలిన చెక్కకు విలువ కట్టిన మరో పెద్దమనిషి కె.జి. సుబ్రహ్మణ్యన్. 1944లో కళాభవన్‌లో చేరి చదివి, తరువాత బరోడా లలితకళల శాఖలో బోధించారు. అక్కడి కళా సంతల కోసం చెక్క ముక్కలు, తోలు ముక్కలు, పూసలతో ఆయన చేసిన జంతువుల బొమ్మలు పేరు పొందాయి. తిరిగి శాంతినికేతన్ వచ్చి బోధించిన ఆయన, అక్కడి డిజైన్ విభాగం భవనానికి నలుపు తెలుపుల్లో గోడబొమ్మలు వేశారు. అవి పాడయితే 2009లో, 85 ఏళ్ల వయసులో, నిచ్చెనలు వేయించుకుని మళ్లీ కొత్తగా వేశారు. పాతదాన్ని అద్దం బిగించి దాచిపెట్టలేదు. 2016లో మరణించారు.

డిసెంబరు సంత

ఇప్పటికీ ఆ పద్ధతి బతికి ఉన్న చోటు ‘నందన్ మేళా’. నందలాల్ బోస్ పుట్టినరోజు డిసెంబరు 3. దానికి ముందు 1, 2 తేదీలలో కళాభవన్ ఆవరణలో విద్యార్థులు, ఉపాధ్యాయులు కలిసి సంత పెడతారు. 1973లో మొదలయింది. కష్టంలో ఉన్న విద్యార్థిని ఆదుకోవడానికి ఒక నిధి కావాలన్నది దాని పుట్టుకకు కారణం. చిత్రలేఖనం, శిల్పం, ముద్రణ, డిజైన్, కళాచరిత్ర విభాగాల వారు ఎవరి అంగడి వారు కట్టుకుంటారు. మట్టి పాత్రలు, చెక్క బొమ్మలు, బాతిక్ గుడ్డలు, ముద్రించిన కేలండర్లు తామే చేసి తామే అమ్ముతారు. తినుబండారాల అంగళ్లు కూడా విద్యార్థులవే. పేరున్న చిత్రకారుడి పని, మొదటి ఏడాది పిల్లవాడి పని ఒకే వరసలో కనిపిస్తాయి. వచ్చిన సొమ్ము సంక్షేమ నిధికి పోతుంది.

చూడదలచినవారు హౌరా నుంచి బోల్పూర్ శాంతినికేతన్ స్టేషనుకు రైలులో వెళ్లవచ్చు, మూడు గంటల లోపు ప్రయాణం. అక్కడి నుంచి రిక్షా దూరంలో కళాభవన్ ఉన్నది. మామూలు రోజుల్లో ఆవరణలోకి సందర్శకులను అన్ని వేళలా అనుమతించరు, విశ్వభారతి వారి నిబంధనలు ముందుగా తెలుసుకుని బయలుదేరడం మంచిది. మేళా రోజుల్లో జనం ఎక్కువ. మంచి బొమ్మలు మొదటి రోజే అమ్ముడుపోతాయి కనుక డిసెంబరు 1 ఉదయానికే అక్కడ ఉండాలి.